ధాత కరువులో భయాన్ని దాటినవారు



మొన్న ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక సహోదరి మాత్రం చాపలు చుట్టి గోడకు ఆనించి, అక్కడే నిలబడింది. ఏదో చెప్పాలని ఉందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. "ఏమమ్మా?" అన్నాను.

"అయ్యా, బుడ్డలు ఊడలు దిగే పొద్దులో వాన మొగం చాటేసింది. అప్పులిచ్చినోళ్ళు ఇంటికాడికి వస్తాండారు. నేను దినామూ ప్రార్థన జేస్తానే ఉండా. అయినా రాత్రయితే గుండె దడ. నిద్దర రాదు. ఇంత భయం ఉందంటే నాకు విశ్వాసం లేనట్టేనా అయ్యా?"

అప్పటికి ఒక వాక్యం చెప్పి, ప్రార్థన చేసి పంపించాను. ఇంటికి వచ్చాక నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆమె అడిగింది నా ప్రశ్న కూడా. మేము వేయించిన బోరు ఎండిపోయిన ఏడు, నేను పగలు మీకు "భయపడకండి" అని ప్రసంగం చేసి, రాత్రి మిద్దె మీద పడుకొని వడ్డీ లెక్కలు వేసుకునేవాణ్ణి. ఆ సంగతి మీలో చాలామందికి చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

ఆ సహోదరికి ప్రసంగం కంటే చరిత్రతో జవాబు చెప్పాలనిపించింది. ఇది మన తెలుగు నేల మీద, మనలాంటి పేదవాళ్ళకు, మనకంటే ఘోరమైన కరువులో జరిగిన సంగతి. బైబిలు కళాశాలలో సంఘచరిత్ర చదివేటప్పుడు పరీక్ష కోసం తేదీలు కంఠతా పట్టాను. ఇప్పుడు కంబదూరులో ఉండి మళ్ళీ చదివితే అది మన ఇంటి కథలాగా ఉంది.

ధాత కరువు

మన పెద్దవాళ్ళు కరువులను సంవత్సరం పేరుతో పిలిచేవారు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి అది ధాత కరువు. ఇంగ్లీషు లెక్కలో 1876 నుండి 1878 వరకు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. మన ప్రాంతమంతా బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో గాని మనం వేరే జిల్లా కాలేదు. 1876లో వానలు తప్పినప్పుడు దెబ్బ గట్టిగా తగిలిన చోట్లలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ముందున్నాయి. అంటే మనం ఈ రోజు నడుస్తున్న ఈ ఎర్ర నేలే.

ఆ కరువులో దక్షిణ భారతదేశంలో యాభై లక్షలకు పైగా ప్రజలు చనిపోయారని చరిత్రకారుల అంచనా. వాన లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గింజలు ఉన్నా ధర అందలేదు. దేశంలో మనుషులు చస్తుంటే ఓడల్లో ధాన్యం బయటికి పోతూనే ఉంది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు జరిగింది. అదే నెలలో కరువు పనులను తనిఖీ చేయడానికి మద్రాసుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలీల బత్తెం తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా డబ్బు. పౌను అంటే అరకిలోకు కూడా తక్కువ. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు.

ఆకలి వెనకాలే కలరా వచ్చింది. అప్పుడు పల్లెల్లో కలరా అంటే దేవత ఆగ్రహమని భయం. ఎవరి వల్ల ఆగ్రహించిందో అని ఒకరి వైపు ఒకరు చూసుకునేవారు. ఆకలి భయం, రోగం భయం, సాటి మనిషంటే భయం, ఈ మూడూ ఒకే ఇంట్లో కాపురం చేసిన కాలం అది.

కొండ మీద ఐదుగురు

ఇప్పుడు కథ మన దగ్గర నుండి తూర్పుకు, ఒంగోలుకు పోతుంది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840 నుండి నెల్లూరులో పని చేస్తున్నారు. ఫలితం దాదాపు ఏమీ లేదు. 1853లో వాళ్ళ పెద్దల సభలో ఈ తెలుగు మిషను మూసేద్దామా అన్న మాట వచ్చింది. మూయలేదు, కానీ ఆ మాట వచ్చిందంటేనే పరిస్థితి తెలుస్తుంది.

ఆ తరువాత 1854 జనవరి 1న, తెల్లవారక ముందే, ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, జూలియా, రూతుతో కలిపి ముగ్గురు తెలుగు విశ్వాసులు. కింద ఊరు నిద్రపోతోంది. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని వాళ్ళు ప్రార్థన చేశారు. దిగివచ్చి నెల్లూరుకు పోయారు. పన్నెండేళ్ళు గడిచాక, 1866లో గాని జాన్ క్లౌ అనే యువకుడు ఒంగోలులో కాపురం పెట్టలేదు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

ఎనిమిది మంది! మన బుధవారం కూటానికి అంతకంటే ఎక్కువమందే వస్తారు. అప్పుడప్పుడు "అయ్యా, మనం ఇంతేనా" అని మీరు నిరాశపడతారు. అందుకే ఈ అంకె చెబుతున్నాను.

పేరయ్య దారి

దొరల పేర్లు పుస్తకాల్లో పెద్దగా కనబడతాయి. కానీ ఈ కథలో అసలు తలుపు తెరిచినవాడు యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. దేవుణ్ణి వెతుకుతూ గురువుల దగ్గర తిరిగాడు. వ్యాపారం మీద ఉత్తరానికి పోయినప్పుడు ఏలూరు, పాలకొల్లు వైపు ఉన్న మిషనరీల నోట యేసుక్రీస్తు మాట విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తరువాత తమ పల్లెకు తిరిగివచ్చి చెప్పడం మొదలుపెట్టారు. 1867 మొదట్లో క్లౌ దొర ఆ ఊరికి పోయేసరికి చుట్టుపక్కల పల్లెల నుండి జనం బియ్యం మూట, మారుబట్ట కట్టుకొని వచ్చి చింతతోపులో కాచుకొని ఉన్నారు. కొన్ని రోజులు అక్కడే ఉండి విని, ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అది విని ఒంగోలులో గొడవ మొదలైంది. పై కులాల పిల్లలు బడికి వస్తున్నారు, వాళ్ళ పెద్దవాళ్ళు దొరతో స్నేహంగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము మీ గడప తొక్కము అన్నారు. క్లౌ దొరకు భయం పట్టుకుంది. ఏళ్ళ తరబడి కోరుకున్న స్నేహాలు ఒక్కరోజులో పోతాయి. ఆ రోజు ఆయన ఒక గదిలో, ఆయన భార్య వేరే గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారట. ఇద్దరి ముందూ ఒకే భాగం పడింది: మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం 26 నుండి 29 వరకు. మీరూ ఒకసారి తీసి చదవండి. లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎందుకు ఏర్పరచుకుంటాడో పౌలు అక్కడ చెబుతాడు. దొర, దొరసాని అదే తమకు జవాబు అనుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. పేరయ్య వారికి తలుపు తెరిచి ఉంది.

ఈ రోజు మన రాష్ట్రంలో ఇన్ని పల్లెల్లో ఇన్ని సంఘాలు ఉన్నాయంటే, ఆ రోజు ఒక మనిషి తన భయానికి లొంగకపోవడం కూడా ఒక కారణం.

బావి దగ్గర పరీక్ష

కొత్త విశ్వాసులకు క్లౌ దొర మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజు మనకు ఇవి చిన్న మాటల్లాగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఒక్కొక్కటీ ఊరితో తగాదాయే. మాదిగలు ఊరి జాతరకు డప్పు కొట్టాలి, రైతు పిలిచిన రోజు పనికి పోవాలి, అది తరాల కట్టుబాటు. "మేము కొట్టము, ఆదివారం రాము" అంటే కరణం, మునసబు ఊరుకుంటారా? నీళ్ళు బందు, చాకలి బందు, పని బందు. తిట్లు, దెబ్బలు.

ఇక్కడ నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మనుషులకు భయం లేక కాదు. చంకలో బిడ్డతో ఎండలో ఖాళీ కడవ పట్టుకొని నిలబడిన తల్లికి భయం లేదని ఎవరంటారు? భయం ఉంది. భయం ఉండగానే వాళ్ళు నిలబడ్డారు. కీర్తన 56, మూడో వచనం చూడండి. దావీదు తనకు భయమే వేయదని అక్కడ అనలేదు. భయం వేసిన రోజున ఏం చేస్తానో చెప్పాడు. భయమూ నమ్మకమూ ఒకే వచనంలో, పక్కపక్కనే ఉన్నాయి.

కాలువ గట్టు మీద

కరువు వచ్చినప్పుడు ప్రభుత్వం కూలి పనులు పెట్టింది. అందులో ఒకటి బకింగ్‌హామ్ కాలువ. క్లౌ దొర సేవకు రాకముందు అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. అప్పటికి ఆయనకు నలభై దాటింది, ఇంచుమించు నా వయసే. మిగతా కరువు పనుల్లో మన పేదలను మేస్త్రీలు కొడుతున్నారని, ముట్టుకోకూడదని తరుముతున్నారని విన్నాడు. మూడు మైళ్ళకు పైగా కాలువ తవ్వకం తానే కంట్రాక్టు తీసుకున్నాడు. గుడిసెలు వేయించాడు, తాగునీటికి బావులు తవ్వించాడు, వేలమందిని పనిలో పెట్టాడు. తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు.

దినమంతా మట్టి పని. మధ్యలో కూలీలు నీడలో కూర్చున్నప్పుడు ఆ బోధకులు వాళ్ళ మధ్య కూర్చొని మత్తయి సువార్త 11:28 చెప్పేవారు. ప్రయాసపడేవారిని, భారం మోసేవారిని యేసు తన దగ్గరికి పిలిచిన మాట అది. నెత్తిన మట్టి తట్ట దించి కూర్చున్నవాడికి భారం అనే మాటను విడమర్చి చెప్పాల్సిన అవసరం ఉంటుందా?

నాకు ఈ ఘట్టంలో బాగా నచ్చింది ఒకటి. వాళ్ళు "ప్రార్థన చేసుకోండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పి ఊరుకోలేదు. పని చూపించారు, కూలి ఇచ్చారు, నీళ్ళు ఇచ్చారు, దెబ్బలు తగలకుండా అడ్డం నిలబడ్డారు. ఆ తరువాత వాక్యం చెప్పారు. ఆకలితో వణికేవాడి దగ్గరికి అన్నం తీసుకొని పోవడం కూడా భయాన్ని తీసివేసే పరిచర్యే.

పదిహేను నెలల నిరీక్షణ

కాలువ మీద విన్నవారు వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం, అంటే దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. నిజమైన నమ్మకమైతే కరువు పోయాక కూడా నిలుస్తుంది అనుకున్నాడు.

1878లో వానలు మళ్ళీ మొగం చూపించాయి. సాయం డబ్బు ఆగిపోయింది, ఇక ఇచ్చేది ఏమీ లేదని పల్లెలకు కబురు పంపారు. అయినా జనం వచ్చారు. మాకు సాయం వద్దు, మమ్మల్ని సంఘంలో చేర్చుకోండి అన్నారు. ఒంగోలులో మశూచి ఉందని దొర వాళ్ళను ఊరికి పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర కలుసుకున్నాడు. ఎవరి పల్లె వాళ్ళను ఆ పల్లె బోధకుడు ఎరిగి, సాక్ష్యం చెప్పిన తరువాతే నీళ్ళలోకి పంపారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నదిలో నిలబడి, అలిసినప్పుడు ఒకరి స్థానంలో ఒకరు దిగుతూ, పొద్దున నుండి సాయంత్రం దాకా ఆ పని చేశారు. జూన్ నడిమి నుండి జూలై ఆఖరు వరకు లెక్క 8,691.

ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళకు ఇక గింజ దొరకదు. ఊరికి తిరిగిపోతే బావి మూస్తారని, పని ఇవ్వరని తెలుసు. లాభం అంతా అయిపోయాక, నష్టం ఎదురుగా నిలబడి ఉండగా వాళ్ళు నీళ్ళలోకి దిగారు. భయాన్ని దాటడం అంటే నాకు కనిపించేది ఆ గుండ్లకమ్మ ఒడ్డు.

మనకు దీనిలో ఏముంది?

మొదటిది, విశ్వాసం వానకు బయానా కాదు. ఆ కరువులో విశ్వాసులు కూడా ఆకలికి అలమటించారు. ప్రార్థన చేసిన ఇళ్ళలోకీ కరువు వచ్చింది. ఎవరైనా మీతో "నీ పంట ఎండిందంటే నీ విశ్వాసంలో లోపం ఉంది" అంటే, ఆ మాట నమ్మవద్దు. హబక్కూకు మూడో అధ్యాయం ఆఖరు భాగం చదవండి. చెట్టు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొడ్లు లేకపోయినా ఆ ప్రవక్త దేవునిలో సంతోషిస్తానంటాడు. ఆయన మన అనంతపురం రైతులాగానే మాట్లాడాడు.

రెండవది, భయం మనల్ని ఒంటరిని చేస్తుంది, విశ్వాసం మనుషుల్ని దగ్గరికి చేరుస్తుంది. కొండ మీద ఐదుగురు. చింతతోపులో ఇరవై ఎనిమిది. నదిలోకి కూడా పల్లెలు పల్లెలుగా వచ్చారు. యెషయా 41:10లో దేవుడు భయపడవద్దు అని చెప్పి, దానికి కారణం తాను తోడుగా ఉండడమే అంటాడు. ఆ తోడును ఆయన చాలాసార్లు పక్కింటి మనిషి ద్వారానే పంపుతాడు. నేను వడ్డీ లెక్కలు వేసుకుంటూ మేలుకున్న రాత్రుల్లో నా తప్పు భయపడడం కాదు. ఎవరికీ చెప్పకపోవడం. చివరికి మా సంఘపెద్దకు చెప్పాను. ఆయన డబ్బులివ్వలేదు, ఆయన దగ్గర లేవు. కానీ నాతో పాటు కూర్చొని ఏ అప్పు ముందు, ఏది తరువాత అని రాయించాడు. ఆ రాత్రి నిద్రపోయాను.

మూడవది, మన ప్రాంతంలో ఈ భయం ఎంతమంది రైతుల ప్రాణం తీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మన మండలంలో ఆ నొప్పి తెలియని వీధి లేదు. కాబట్టి సహోదరులారా, ముఖ్యంగా మగవాళ్ళారా, వినండి. "ఇంక బతికి ఏం లాభం" అనే మాట మనసులోకి వస్తే, దాన్ని పాపమని దాచుకోవద్దు. భార్యకు చెప్పండి, అన్నదమ్ముడికి చెప్పండి, నాకు చెప్పండి. అర్ధరాత్రి అయినా మందిరం వెనక మా తలుపు కొట్టండి. డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తే నేను వెంట వస్తాను. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. కాలువ గట్టున క్లౌ దొర బావి తవ్వించడం ఎంత దేవుని పనో, ఇదీ అంతే.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు జవాబు. అమ్మా, నీకు విశ్వాసం లేక కాదు. విశ్వాసం లేనిదానివైతే అప్పులవాళ్ళు వచ్చే వారంలో మందిరానికి వచ్చి, అందరూ పోయాక చాపలు చుట్టి ఉండవు. మార్కు సువార్త 9:24లో ఒక తండ్రి తన నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ రెండింటినీ ఒకే మాటలో యేసు ముందు పెట్టాడు. ప్రభువు అతణ్ణి తిప్పి పంపలేదు, కొడుకును బాగుచేశాడు. నీ గుండె దడతోనే ఆయన దగ్గరికి రా. ఆయన దానికి అలవాటు పడ్డవాడే.

ఈ శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన అయ్యాక ఎవరూ వెంటనే వెళ్ళవద్దు. అప్పు గురించి, పంట గురించి, పిల్లల ఫీజు గురించి ఎవరికి ఏ భయం ఉందో, చెప్పదలుచుకున్నవారు చెబుదాం. మనలో బ్యాంకు కాగితాలు తెలిసినవారు ఇద్దరు ఉన్నారు, వాళ్ళను కూర్చోమని అడిగాను. కొందరు ఒక సంచి బియ్యం, కందిపప్పు తెస్తామన్నారు. అవసరం ఉన్నవారు సిగ్గుపడకుండా తీసుకోండి. బెంగళూరులో పనికి పోయి ఇది చదువుతున్న మన పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి ఒక ఫోను చేయండి. అమ్మానాన్న బాగున్నామనే అంటారు. రెండోసారి అడగండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, ధాత కరువులో మా ముత్తాతలను విడువని దేవా, ఈ ఏడు మమ్మల్ని కూడా విడువవని నమ్ముతున్నాము. వాన ఇవ్వండి అని అడుగుతున్నాము. వాన ఆలస్యమైనా ఒకరినొకరు విడువకుండా ఉండే మనసు ఇవ్వండి. రాత్రి నిద్రపట్టని ప్రతి ఇంట్లో మీరు తోడుగా ఉండండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు మిమ్మును దీవించును గాక.

మీ సేవకుడు,
కంబదూరు